గోడ దాకా వచ్చిన నియమావళి: విజయనగరంలో ఒక భవన ఇంధన సలహా సేవపై సమీక్ష

విజయనగరంలో మా నాన్నగారు కొని ఉంచిన 17 సెంట్ల స్థలంలో మేము అన్నదమ్ములం ఇద్దరం కలిసి, కింద వాహనాలకు చోటు వదిలి, పైన మూడు అంతస్తుల్లో ఆరు వాటాల ఇల్లు కట్టుకున్నాము. నివాస భవనాల కోసం కేంద్రం రూపొందించిన ఇంధన పొదుపు నియమావళికి అనుగుణంగా ఆ ఇంటిని తీర్చేందుకు ఈ జిల్లాలోనే పనిచేస్తున్న ఒక చిన్న సలహా కార్యాలయాన్ని కుదుర్చుకున్నాము. ఈ సమీక్ష ఆ సేవ గురించి. ఇద్దరు యువ ఇంజినీర్లు దీన్ని నడుపుతున్నారు. మంచితో పాటు లోపాలనూ రాయవలసి ఉంది కనుక పేరు వెల్లడించడం నాకు భావ్యంగా తోచలేదు. పైగా ఇక్కడ రాసినది ఈ పని చేసే మరే కార్యాలయాన్ని కుదుర్చుకునేవారికైనా పనికి వస్తుందని అనుకుంటున్నాను. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి విరమించిన వాడిని. అందువల్ల వారి లెక్కలను వరుసగా చదివి, అర్థం కానివి అడిగి తెలుసుకుని, కొన్నింటిని నేనే మళ్లీ చేసి చూసుకున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. వారి లెక్క నమ్మదగినది, వివరణ ఓపికగలది. అయితే ఈ సేవకు మేము చెల్లించిన డబ్బులో అసలు విలువ చేసింది నివేదిక కాదు, పని జరిగే చోటికి వారు వచ్చిన మూడు రోజులు. వారు రాని దశల్లో జరిగిన పొరపాట్లు కాగితం మీద ఎక్కడా కనిపించవు, గోడలో మాత్రం ఉండిపోతాయి.

ఈ నియమావళి మన దాకా వచ్చే దారి కొంచెం పొడవైనది కనుక దాన్ని చెప్పకుండా సేవ విలువను చెప్పలేను. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద ఇంధన సామర్థ్య బ్యూరో 2002 మార్చి 1న ఏర్పడింది. పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన నియమావళి 2007లో వెలువడి, 2017లో పూర్తిగా సవరించబడింది. ఇళ్ల కోసం 'ఈకో నివాస్ సంహిత' మొదటి భాగం 2018 డిసెంబర్ 14న, అంటే జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు విడుదలైంది. అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలను ఉద్దేశించినది. మన లెక్కలో అది దాదాపు 598 గజాలు, పన్నెండున్నర సెంట్ల లోపు. ఆ భాగం గోడలు, కిటికీలు, పైకప్పుకు పరిమితమైతే, విద్యుత్ పరికరాలకు సంబంధించిన రెండో భాగం 2021లో వచ్చింది. 2022లో పార్లమెంటు ఆమోదించి 2023 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ చట్టం నివాస భవనాలను కూడా చట్టపరిధిలోకి తీసుకువచ్చింది. అయినా కేంద్రం రాసినంత మాత్రాన నియమం ఏ ఊరి గోడనూ తాకదు. రాష్ట్రం తన వాతావరణానికి తగినట్లు మార్చుకుని నోటిఫై చేయాలి, పట్టణ సంస్థ దాన్ని భవన అనుమతి నిబంధనల్లో కలపాలి, ఆ తరువాత ఆర్కిటెక్టు గీయాలి, చివరకు తాపీ మేస్త్రీ కట్టాలి. ఈ గొలుసులో చివరి రెండు లంకెలను కలిపేవారు చిన్న పట్టణాల్లో చాలా తక్కువ. ఈ కార్యాలయం చేస్తున్నది ఆ పనే.

మా స్థలం 688 చదరపు మీటర్లు కనుక సంహిత పరిధిలోకి వస్తుంది. ఎవరు అడుగుతారు, ఎవరు అడగరు అన్నది పక్కన పెట్టి, కట్టేది ఒక్కసారే కాబట్టి సరిగ్గా కట్టుకుందామని మా తమ్ముడు పట్టుబట్టాడు. రుసుము 65,000 రూపాయలు, మూడు వాయిదాలు. అందుకు వారు ఇస్తామన్నవి: నక్షా దశలో లెక్క, మార్పుల సూచనలు, సామగ్రి వివరాల పట్టిక, రెండుసార్లు పని చోటికి రావడం, చివరి నివేదిక. మూడోసారి రావడం ఒప్పందంలో లేదు. అది వారి మంచితనం.

మొదటి సమావేశం నాకు బాగా గుర్తు. నక్షాను మేజా మీద పరిచి, ముందుగా ఉత్తరం ఎటో చూపించమన్నారు. సంహితలో ప్రధానమైన కొలమానం, గోడలూ కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడిని ఒక చదరపు మీటరుకు ఇన్ని వాట్లని చెప్పే సంఖ్య. దాన్ని ఆర్‌ఈటీవీ అంటారు. అది 15 వాట్లు దాటకూడదు. ఈ సంఖ్య మూడు ముక్కల మొత్తం: గోడ గుండా పాకి వచ్చే వేడి ఒకటి, అద్దం గుండా పాకి వచ్చేది మరొకటి, అద్దంలోంచి ఎండ రూపంలో నేరుగా దూసుకొచ్చేది మూడోది. ఒక్కొక్క ముక్కను వాతావరణ మండలాన్ని బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. దేశాన్ని ఐదు మండలాలుగా విభజించారు. మన కోస్తా ఉక్కపోత మండలంలో ఉంటుంది. మనకు ఆ గుణకాలు వరుసగా 5.15, 1.31, 65.21. దీనికి తోడు గోడ ఏ దిక్కున ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మన అక్షాంశంలో ఉత్తరపు గోడకు దిక్కు గుణకం సుమారు 0.66 అయితే పడమటి గోడకు సుమారు 1.16. అంటే అదే గోడ, అదే కిటికీ, ఉత్తరం నుంచి పడమరకు మారితే లోపలికి తెచ్చే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ ఒక్క వాక్యం విన్న తరువాత పడమటి వైపు గీసిన రెండు పెద్ద పడకగది కిటికీలను మేమే చిన్నవి చేయించుకున్నాము.

మా ఇంటికి వారు వేసిన తొలి లెక్కను ఇక్కడ వివరంగా ఇస్తున్నాను, ఎందుకంటే ఈ సేవలో అత్యంత పనికొచ్చిన భాగం ఇదే. వెలుపలి ఉపరితలంలో 85 శాతం గోడ, 15 శాతం కిటికీ అద్దం. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగుతో వేడిని పంపే రేటు, అంటే యూ-విలువ, దాదాపు 2. ఆ లెక్కన గోడ వాటా 8.8, అద్దం గుండా పాకే వాటా 1.1, నేరుగా వచ్చే ఎండ వాటా 6.4. మొత్తం 16.3. పరిమితి 15 కనుక మన ఊళ్లలో అందరూ కట్టే మామూలు ఇల్లు గట్టెక్కకుండా ఆగిపోయింది, అయితే ఎంతో దూరంలో కాదు. ఇక్కడ వారు చేసిన పని నన్ను ఆకట్టుకుంది. ఖరీదైన అద్దాన్ని సూచించకుండా సన్‌షేడ్ వెడల్పును అడిగారు. నాలుగు అడుగుల కిటికీ మీద ఒకటిన్నర అడుగు సన్‌షేడ్ మన ఆనవాయితీ. దాన్ని నిబంధనలు అనుమతించే మేరకు రెండు అడుగులు చేసి, పడమటి కిటికీలకు పక్కన నిలువు రెక్కలు కూడా కలిపితే అద్దంలోంచి దూరే ఎండ తగ్గి, ఆ 6.4 కాస్తా 4.9 అయింది. మొత్తం 14.8కి దిగింది. సిమెంటు, ఇసుక, కడ్డీ తప్ప కొత్త సామగ్రి ఏదీ లేకుండా ఇల్లు పరిమితిలోకి వచ్చింది.

శ్రీకాకుళం తీరపు పల్లెల్లో నా చిన్నతనంలో చూసిన చుట్టిళ్లలో తాటాకు చూరు ఎంత కిందికి దిగేదంటే పెద్దవాళ్లు వంగి లోపలికి వెళ్లవలసి వచ్చేది. మిట్టమధ్యాహ్నపు ఎండ మట్టిగోడను తాకేది కాదు. చూరు లోతుకూ గోడ ఎత్తుకూ ఉన్న ఆ నిష్పత్తినే ఈ సంహిత పట్టికల్లో అంకెలుగా చూశాను. అలాంటి ఇళ్లకే తిరిగి వెళ్లాలని నేను అనడం లేదు. ఆ ఇళ్లలో వెలుతురు తక్కువ, నిప్పు భయం ఎక్కువ. కానీ నీడ పడే గోడకూ, పడని గోడకూ తేడా ఏమిటో మా మేస్త్రీకి చెప్పవలసి వచ్చినప్పుడు నేను వాడిన ఉదాహరణ చుట్టిల్లే, ఆయనకు వెంటనే అర్థమైంది.

14.8 దగ్గర ఆగిపోకుండా వెలుపలి గోడలన్నీ ఏఏసీ బ్లాకులతో, అంటే బూడిద, సున్నం, సిమెంటుతో నురగలా పొంగించి చేసే తేలిక దిమ్మలతో కడదామని నిర్ణయించుకున్నాము. వాటి యూ-విలువ ప్లాస్టరింగుతో కలిపి 0.8 దరిదాపుల్లో ఉంటుంది కనుక గోడ వాటా 8.8 నుంచి 3.5కి పడిపోయి, మొత్తం 9.5గా నివేదికలో వచ్చింది. ఆ అంకె మీద నాకు అనుమానం కలిగింది. అది తరువాత చెబుతాను.

గాలి విషయంలో సంహిత చెప్పేది తేలికగా గుర్తుంటుంది. ఉక్కపోత మండలంలో తెరుచుకునే కిటికీలు, బయటి వైపు తలుపుల వైశాల్యం ఇంటి లోపలి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలి, అంటే ఆరో వంతు. ఇక్కడ ముఖ్యమైన మాట 'తెరుచుకునే'. ఈ మధ్య విజయనగరంలో ఏ కొత్త ఇంటికి వెళ్లినా పక్కకు జరిగే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలే కనిపిస్తున్నాయి. రెండు పలకల జరుగుడు కిటికీ ఎంత పెద్దదైనా గాలికి తెరుచుకునేది సగమే, కనుక లెక్కలో 50 శాతమే తీసుకుంటారు. రెక్కలుగా తెరుచుకునే కిటికీకి 90 శాతం ఇస్తారు. మా నక్షాలో జరుగుడు కిటికీలతో వచ్చింది 12 శాతం చిల్లర. అదే కిటికీ కొలతలతో రెక్కలకు మారగానే ఆరో వంతు దాటింది. మే నెలలో సాయంత్రం దక్షిణపు గాలి తిరిగిన తరువాత మా హాల్లో కూర్చున్నవారికి ఈ మార్పు విలువ ఎవరూ వివరించనక్కర లేదు.

అయితే ఇక్కడే ఈ సేవలో ఒక ఖాళీ కూడా కనిపించింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండు తుపానుల తరువాత ఉత్తరాంధ్రలో బయటికి తెరుచుకునే రెక్క అంటే జనానికి భయం ఉంది. ఆ భయం న్యాయమైనది. గాలి రెక్కను లాగి పట్టుకుంటే బందులతో సహా ఊడుతుంది. సలహాదారులు రెక్కల కిటికీ సూచించారే గానీ దానికి ఎలాంటి పట్టు కావాలో రాయలేదు. మా వడ్రంగి చూసి, ప్రతి రెక్కకూ పైన ఒకటి, కింద ఒకటి గడియలు, తెరిచినప్పుడు గోడకు బిగించే ఇనుప కొక్కెం పెట్టించాడు. చట్టంలోనే రాష్ట్రాలు తమ వాతావరణానికి తగ్గట్టు నియమావళిని మార్చుకునే వెసులుబాటు ఉంది. అయితే మా ఇంట్లో ఆ మార్పును చేసింది ఒక వడ్రంగి అనుభవం. తీరప్రాంతంలో పనిచేసే సలహాదారుల సామగ్రి పట్టికలో ఈ కొక్కెం ఒక వరుసగా ఉండి తీరాలని వారికి ఉత్తరం రాశాను. వారు ఒప్పుకున్నారు.

ఇక పైకప్పు. సంహిత ప్రకారం పైకప్పు యూ-విలువ 1.2 దాటకూడదు. మన మామూలు శ్లాబు, పైన గచ్చుతో సహా, దానికి రెట్టింపు దాటి ఉంటుంది. పై అంతస్తులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి పదకొండు గంటలకు కూడా శ్లాబు సెగ కక్కుతూ ఉండడం మన జిల్లాల్లో తెలియని ఇల్లు లేదు. 40 మిల్లీమీటర్ల మందం గల, వేడిని అడ్డుకునే గట్టి నురగ పలకలైన ఎక్స్‌పీఎస్ బోర్డులను శ్లాబు మీద పరిచి, దాని మీద నీరు దిగని పూత, ఆ మీద గచ్చు, చివరగా తెల్ల చైనా మొజాయిక్ పెంకులు వేయమన్నారు. అలా చేస్తే యూ-విలువ 0.6కు దగ్గరగా వస్తుంది. బోర్డులు వచ్చిన రోజున మా మేస్త్రీ వాటిని వేళ్లతో నొక్కి చూసి, "ఏటి మాస్టారూ, ఈ అట్ట శ్లాబు మీద ఎందుకండీ? మీద నడిస్తే కుంగిపోదేటండీ?" అని అడిగాడు. ఆయన సందేహం సరైనదే. నివేదికలో దానికి జవాబు లేదు. అదృష్టవశాత్తు అది వారు వచ్చిన రోజు. ఇద్దరిలో చిన్నవాడు బోర్డు మీద ఒక ఇటుక పెట్టి, ఆ ఇటుక మీద తానే ఎక్కి నిలబడి, దిగిన తరువాత బోర్డు మీద గుంట పడలేదని చూపించాడు. ఆ తరువాత అసలు తప్పు పట్టుకున్నది కూడా ఆ రోజే. బోర్డుల మధ్య వేలెడు సందులు వదిలి, నీటి గొట్టాల చుట్టూ చేతికి వచ్చినట్లు కోసి పరిచారు. ఆ సందుల్లో గచ్చు దిగితే వేడి అక్కడి నుంచే శ్లాబులోకి దిగుతుంది. సగం బోర్డులు లేపించి, అంచులు కలిపి, అతుకుల మీద టేపు వేయించి, రెండో వరుసను ఇటుక కట్టుబడిలా ఎడం మార్చి పరిపించారు. దీనికి సాయంత్రం వరకు నాలుగు గంటలు ఉన్నారు. ఈ సేవకు నేను పూర్తి మార్కులు ఇచ్చే రోజు అదే. ఆ నాలుగు గంటలు లేకపోతే మా నివేదికలో 0.6 అని అంకె ఉండేది, మా శ్లాబులో ఉండేది కాదు.

గోడల దశలో వారు రాలేదు. ఒప్పందంలో ఆ దశ లేదు. ఇక్కడే నా అనుమానం నిజమైంది. మన ఇళ్లు కాంక్రీటు చట్రాలు: స్తంభాలు, దూలాలు, సన్‌షేడ్ కట్టు, ఇవన్నీ కలిపి మా వెలుపలి ఉపరితలంలో దాదాపు ఐదో వంతు. ఆ భాగంలో బ్లాకు లేదు, ఉత్త కాంక్రీటు ఉంది. దాని యూ-విలువ 3 దాటుతుంది. నివేదికలో మాత్రం గోడ మొత్తాన్ని బ్లాకుగానే లెక్కించారు. నేను అడిగినప్పుడు దాటవేయలేదు. మర్నాడే మళ్లీ లెక్క వేసి పంపారు. 9.5 కాస్తా 11.6 అయింది. పరిమితి కంటే ఇంకా చాలా కిందే ఉంది కనుక మాకు నష్టం లేదు. కానీ మేము ఎర్ర ఇటుక, వెడల్పు సన్‌షేడ్ దగ్గరే ఆగి ఉంటే ఏమయ్యేదో నేనే లెక్క వేసి చూశాను. 14.8 అనుకున్నది స్తంభాలూ దూలాలూ కలిపేసరికి 15.8 అవుతుంది. అంటే కాగితం మీద నియమాన్ని పాటించిన ఇల్లు, నిజంగా చూస్తే పాటించనిది. దేశమంతటా ఈ నియమావళిని అమలు చేయాలనుకునేవారు గమనించవలసిన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం. ఎవరూ మోసం చేయకుండానే, అందరూ తమ తమ పని నిజాయితీగా చేస్తుండగానే, పరిమితి అంచున ఉన్న ఇల్లు ఆ అంచు దాటిపోతుంది. నివేదికలో అర వాట్ తేడా మిగిల్చి సంతృప్తి పడే సలహాదారును నమ్మకండి. కనీసం రెండు వాట్లయినా ఖాళీ ఉంచమని అడగండి, చట్రాన్ని విడిగా లెక్కలో చూపించమని అడగండి.

అద్దాల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఎండను ఎంత లోపలికి వదులుతుందో తెలిపే సౌరతాప గుణకం ప్రతి అద్దానికీ ఉంటుంది. లెక్కంతా ఆ అంకె మీద నడుస్తుంది. సామగ్రి పట్టికలో ఆ అంకె స్పష్టంగా ఇచ్చారు. కానీ అద్దాలు బిగించిన తరువాత గానీ పరీక్ష పత్రం అడగలేదు. అప్పటికి దుకాణదారు దగ్గర దొరికినది తయారీదారు సాధారణ ప్రకటన పత్రం మాత్రమే, మా బిల్లులోని అద్దానికి సంబంధించినది కాదు. నివేదికలో ఆ అంకెను 'సరఫరాదారు తెలిపిన ప్రకారం' అని రాసి ముగించారు. ఇది సరికాదు. బ్లాకులకు, బోర్డులకు, అద్దాలకు పరీక్ష పత్రం చేతికి వచ్చాకే లారీ దించమని చెప్పవలసినది ఆ పని తెలిసినవారే. నాలాంటి ఇంటి యజమానికి ఆ పత్రంలో ఏమి చూడాలో తెలియదు. ఈ ఊళ్లో అడిగేవారు లేరు కనుక దుకాణాల్లో ఆ పత్రాలు ఉండవు. పత్రాలు లేవు కనుక అడిగినా ప్రయోజనం లేదు. సలహాదారులు పదిమంది ఒకే మాట మీద నిలబడితే తప్ప ఈ పరిస్థితి మారదు.

వీరు వాణిజ్య భవనాలకు కూడా పనిచేస్తారు. మాకు ఆ అవసరం లేకపోయినా వారి కార్యాలయంలో కూర్చున్నప్పుడు ఆ నియమావళి గురించి చాలా అడిగి తెలుసుకున్నాను. 2017 నియమావళిని 100 కిలోవాట్ల విద్యుత్ భారం, లేదా విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న డిమాండు 120 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్లు), అంతకు మించి ఉన్న భవనాల కోసం రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన సొంత రూపాన్ని 2014 జనవరిలోనే నోటిఫై చేసింది. దేశంలో ముందడుగు వేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి అన్నది నిజంగా గర్వించదగిన విషయం. 2017 నియమావళి ప్రకారం గోడలో అద్దం వాటా 40 శాతం మించకూడదు. మన మండలంలో ఉత్తరం కాని దిక్కుల అద్దానికి సౌరతాప గుణకం 0.27 లోపు ఉండాలి. ఏటవాలు లేని పైకప్పు కనీసం 60 శాతం ఎండను తిప్పికొట్టాలి. ఈ మూడు అంకెలు తెలిసిన తరువాత గంటస్తంభం నుంచి కోట వైపు నడుస్తూ ఇటీవల లేచిన భవనాల ముఖాలను చూస్తే, పడమటి ఎండకు ఎదురుగా నేల నుంచి పైదాకా అద్దం తొడిగి, లోపల పగలంతా ఏసీలు, దీపాలు నడుపుతున్నవి కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. వాటిలో ఏది ఆ పరిమితిలోకి వస్తుందో, ఏది రాదో నేను చెప్పలేను. మరి ఆ అద్దాల వెనుక ఉద్యోగం చేసేవారు కిటికీలకు అట్టముక్కలు అడ్డం పెట్టుకోవడం మాత్రం చూశాను.

ఇంట్లో చేరి ఒక వేసవి గడిచింది. సేవలో భాగంగా ఇంటిని కొలిచి చూసే ఏర్పాటు లేదు కనుక దూరం నుంచి ఉపరితలపు వేడిని కొలిచే చిన్న ఉష్ణమాపకం ఒకటి కొనుక్కుని ఆ పని నేనే చేశాను. మే నెలలో పన్నెండు రోజులు, సాయంత్రం నాలుగు గంటలకు, మా పై అంతస్తు గది కప్పును లోపలి నుంచి, అదే వీధిలో మా బంధువుల ఇంటి పై అంతస్తు కప్పును లోపలి నుంచి కొలిచాను. వారిది మామూలు శ్లాబు. మాది 33, 34 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే వారిది 40 నుంచి 42 మధ్య తిరిగింది. ఇది పరిశోధన కాదు, రెండు ఇళ్ల పోలిక మాత్రమే. విద్యుత్ బిల్లులను పోల్చడానికి మాకు పాత ఇంటి లెక్క పనికిరాదు, మనుషులు, గదులు, పరికరాలు అన్నీ మారాయి. అయితే పై వాటాలో ఉంటున్న మా తమ్ముడి అత్తగారు, ఏసీ గాలి పడని మనిషి, వేసవంతా ఫ్యాను, తెరిచిన కిటికీలతో నిద్రపోయారు. ఆమె నిద్ర నాకు ఉష్ణమాపకం కంటే పెద్ద సాక్ష్యం.

ఖర్చు గురించి అడిగేవారి కోసం: రుసుము కాకుండా బ్లాకులు, పైకప్పు బోర్డులు, రెక్కల కిటికీలు, వెడల్పు సన్‌షేడ్ కలిపి మామూలు ఇంటి కంటే మాకు అదనంగా అయినది దాదాపు మూడు లక్షల ఎనభై వేల రూపాయలు. ఆరు వాటాలకు పంచితే ఒక్కొక్కరికి ఒక మంచి ఏసీ, దాని బిగింపు ఖర్చు దాటదు. బ్లాకు గోడకు బరువులు తగిలించాలంటే మామూలు మేకు నిలవదు, ప్రత్యేకమైన బిగింపు మరలు కావాలి. ఇది ముందే తెలుసుకుంటే వంటింటి అల్మారాల దగ్గర గొడవ ఉండదు.

మా చెల్లెలు ఇప్పుడు శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల కూడలికి కొంచెం ఎడంగా, 11 సెంట్లలో ఇల్లు మొదలుపెట్టింది. ఆ స్థలం 445 చదరపు మీటర్లే కనుక సంహిత ఆమెకు వర్తించదు. అయినా ఇదే కార్యాలయాన్ని కుదుర్చుకుంది, కానీ ఒప్పందం వేరుగా రాయించింది. నివేదికకు రుసుములో మూడో వంతు మాత్రమే. మిగిలినదంతా గోడ మూడు అడుగులు లేచినప్పుడు ఒకసారి, దూలాల స్థాయిలో ఒకసారి, అద్దాలు లారీ దిగక ముందు ఒకసారి, శ్లాబు మీద బోర్డులు పరిచే రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకసారి వచ్చి సంతకం పెట్టిన తరువాతే. వారు అభ్యంతరం చెప్పలేదు. మొదటి సంతకం ఈ నెల పడింది. ఆ రోజు పడమటి గోడలో రెండు వరుసలు విప్పించి మళ్లీ కట్టించారట.